దారం కొస

ఇల్లు,
ఆదివారం మధ్యాహ్నం

ఏమండీ,

మీరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ అత్తయ్యా నేనూ బాగున్నాం. మీరు వెళ్ళి రెండు నెలల పదకొండు రోజులు. నేను లెక్కపెట్టలేదు. అత్తయ్య పెడుతున్నారు, నేను వింటున్నాను.

అయిదో తరగతిలో ఆగిపోయినదాన్ని, అక్షరాలు కుదురుగా ఉండవు, నవ్వకండి. మన పెళ్ళయిన ఎనిమిది నెలల్లో మీతో నేను ఇన్ని మాటలు ఆడి ఉండను. ఎదురుగా లేరు కదా, అదే ధైర్యం.

మీకు చెప్పకుండా ఒక పని చేశాను. బడి మూసేశారు కదా, ఆ గదుల్లో కుట్టుమిషన్లు వేశారు. సైన్యానికి సామాన్లు కుట్టడానికట. మిషను కుట్టడం వచ్చిన ఆడవాళ్ళు రావాలని ఇంటింటికీ వచ్చి అడిగారు. నేను తలుపు వెనక నిలబడ్డాను. అత్తయ్యే "మా కోడలికి వచ్చు. నోరు లేదు గానీ చేతులున్నాయి" అని నన్ను రెక్క పట్టుకుని ముందుకి తోశారు.

నా మిషను కిటికీ పక్కన. నా పక్కన కళ్ళజోడక్క. ఆవిడ పొద్దున కూర్చున్నది మొదలు సాయంత్రం దాకా మాట్లాడుతూనే ఉంటుంది, సూది మాత్రం ఒక్క కుట్టు తప్పదు. మేము కుట్టేవి నల్లటి పట్టీలు. మూడు వేళ్ళ వెడల్పు, మోటు గుడ్డ. కొస మడిచి చదరంగా కుట్టి, చదరం లోపల మూల నుంచి మూలకి రెండు గీతలు కుట్టాలి. ఏవో సంచులకి అన్నారు అక్కడ పని చూసే మేస్త్రీగారు. అంతకంటే మాకూ తెలియదు.

నమూనాకి ఇచ్చిన పట్టీ నాకు నచ్చలేదు. మొదట్లోనూ చివర్లోనూ మిషనుని ముందుకీ వెనక్కీ నడిపి గడ్డ కట్టించారు, దారాలు పిల్లి మీసాల్లా బయటికి వచ్చాయి. మా పిన్ని కుట్టు నేర్పేటప్పుడు దారం కొస పైకి కనబడితే కొలబద్దతో వేళ్ళ మీద కొట్టేది. అందుకని నేను గడ్డ లేకుండా చదరం తిప్పి, మొదలుపెట్టిన చోటికే వచ్చి రెండు కుట్లు కలిపి, కొసని గుడ్డకి సమానంగా కత్తిరించాను. మేస్త్రీగారు దాన్ని తీసుకుని గది మధ్యలో నిలబడి పైకెత్తి, "చూడండి, కుట్టంటే ఇదీ!" అన్నారు. నాకు బల్ల కింద దూరిపోవాలనిపించింది. సంతోషం కూడా వేసింది, మీ దగ్గర దాచడమెందుకు. నేను పుట్టాక పదిమందిలో నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఇప్పుడు మా గదిలో వాళ్ళందరూ నా దగ్గరికి వచ్చి చూసి అలాగే కుడుతున్నారు. గడ్డ కట్టే పని లేదు కాబట్టి త్వరగా కూడా అవుతోంది.

కోపం రాలేదు కదా? వస్తే అత్తయ్య మీద పడండి.

మీరు పెట్టిన పేరే రాస్తున్నాను,
మూగనోము

*

ముందు వరసకి వెనక, గుడారం,
మంగళవారం

మూగనోముకి,

కోపమా? నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇంట్లో నాకు రోజుకి వచ్చే మాటలు మూడు: "టీ", "ఆఁ", "పడుకోండి". ఇన్ని మాటలు ఎక్కడ దాచావు? నువ్వు కుట్టిన సంచి ఏదైనా నా భుజానికే తగులుకుంటుందేమో, చూస్తుంటాను.

ఇక్కడ నన్ను దూది డాక్టరు అంటున్నారు. దవాఖానాలో పిల్లల మోకాళ్ళకి మందు రాసిన కాంపౌండరుని డాక్టరు చేసేశారు. నా సంచిలో ఉన్నదల్లా దూది, గుడ్డ, కత్తెర, పట్టీలు, సూదిమందు. ఎవరైనా పడితే పాక్కుంటూ వెళ్ళి, ముందు రక్తం ఆపి, తర్వాత ఊపిరి చూసి, బండి దాకా లాక్కు రావడం నా పని. బండి ఈలన్నది. అతని బండి వస్తోందంటే మోత కంటే ముందు ఈల వినిపిస్తుంది. గుంటల్లో కూడా శృతి తప్పడు. ఉత్తరాలు వెనక్కి తీసుకెళ్ళి టపాలో వేసేది కూడా అతనే. నీ ఉత్తరం నా చేతికిచ్చే ముందు బరువు చూసి, "ఇది ఉత్తరమా, దస్తావేజా?" అన్నాడు.

అమ్మని మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోమను.

ఇంకో చిన్న కాగితం మడిచి పెట్టాను. అది అమ్మకి చదవకు.

నీ
దూది డాక్టరు

(కింద వేరే దస్తూరీ)
చెల్లెమ్మా, మీ ఆయన క్షేమం. రోజుకి రెండుసార్లు గడ్డం గీసుకుంటున్నాడు, ఎవరి కోసమో తెలియదు. అమ్మగారికి నమస్కారాలు. — ఈలన్న

(మడిచిన చీటీ)
నీకు మాత్రమే. మొదటి రోజుల్లో చేతులు వణికాయి. ఇప్పుడు వణకడం లేదు, అదే భయంగా ఉంది. తొడలో రక్తనాళం తెగితే మనిషికి మూడు నాలుగు నిమిషాలే. ఆ లోపల గాయానికి పైన పట్టీ కట్టి, రక్తం ఆగేదాకా బిగించి, కట్టిన టైము నుదుటి మీద పెన్నుతో రాస్తాం. వెనక ఆసుపత్రిలో వాళ్ళు ముందు చూసేది నుదురే. ఇప్పటిదాకా పదకొండు నుదుళ్ళ మీద రాశాను. ఇది ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది.

*

ఇల్లు,
గురువారం

ఏమండీ,

మీ ఉత్తరం అత్తయ్యకి చదివాను. చీటీ మాత్రం చదవలేదు. చేతిలో దాచుకున్నాను. అయినా, "అమ్మాయ్, చదవడం అయిపోయాక నీ మొహం ఇంకా చదువుతోందేం?" అన్నారు. అత్తయ్యకి అక్షరాలు రావు గానీ మొహాలు వచ్చు. నేను టీ పెడతానని లేచిపోయాను.

ఈలన్న రాసిన రెండు ముక్కలూ మాత్రం మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. "ఆ ఈలవాడు మంచివాడే. మనవాడి గడ్డం సంగతి వాడికెందుకో గానీ" అని నవ్వారు. మీరు వెళ్ళాక అత్తయ్య నవ్వు వినడం ఇదే. ఈసారి అతన్ని ఇంకొంచెం పెద్దగా రాయమనండి.

ఆ బడి గదుల్ని ఇప్పుడు షెడ్డు అంటున్నారు, అక్కడ పని బాగా సాగుతోంది. పన్నెండు పెట్టెలు వెళ్ళాయి. పెట్టె మీద ఏ గది పనో అంకె వేస్తారు, మా గది ఏడు. వచ్చే నెల పెద్ద అధికారి వచ్చి చూస్తారట. అప్పుడు నా పట్టీయే చూపిస్తానన్నారు మేస్త్రీగారు. కళ్ళజోడక్క, "అధికారి వస్తే నువ్వు మిషను కింద ఉంటావు, కాళ్ళు మేం చూపిస్తాం" అంటోంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మీ చీటీ రాత్రిళ్ళు దిండు కింద పెట్టుకోను, నలిగిపోతుంది. నా పాత పుస్తకంలో పెట్టాను. ఏం చెప్పుకోవాలన్నా నాకు చెప్పండి.

మీ
మూగనోము

*

వంతెన దగ్గర,
శుక్రవారం

నీకు,

అమ్మకి నేను క్షేమమని చెప్పు. వర్షాలు పడుతున్నాయని, జలుబు లేదని చెప్పు. ఈ కాగితమంతా చీటీయే అనుకో.

సోమవారం వంతెన దగ్గర ఒకతనికి కాలికి తగిలింది. నేను పక్కనే ఉన్నాను, నిమిషం కూడా పట్టలేదు, పట్టీ కట్టాను, బిగించాను, రక్తం ఆగింది. టైము రాశాను. పది ఇరవై. ఇద్దరం మోసుకెళ్తున్నాం. వర్షమని అతని మీద గొంగడి కప్పాను. దారిలో పట్టీ కొస దగ్గర కుట్టు విడిపోయింది. ఒక్కసారి తెగలేదు, ఒక్కొక్క కుట్టే జారింది. గొంగడి కింద నాకు కనబడలేదు. నా చేతికి వెచ్చగా తగిలేదాకా తెలియలేదు. రెండో పట్టీ కట్టాను. బండి ఎక్కించాం.

ఆ పట్టీ నా జేబులోనే ఉంది. కొత్తగా వచ్చిన పెట్టెలోది. నల్లది, మూడు వేళ్ళ వెడల్పు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో. పాతవాటికి కుట్టు దగ్గర గడ్డలు, వేలాడే దారాలు ఉండేవి. వీటికి ఒక్క దారం కొస బయటికి లేదు, ఇస్త్రీ చేసినట్టున్నాయి. ఎవరు కుట్టారో, వాళ్ళ చేతులు ఒకసారి చూడాలని ఉంది.

తర్వాత రాస్తాను.

*

ఇల్లు,
బుధవారం

ఏమండీ,

ఉత్తరం అందింది. అత్తయ్యకి వర్షాల సంగతి, జలుబు లేదన్న సంగతి చెప్పాను.

కొన్ని అడుగుతాను, కోపగించుకోకండి. ఆ పట్టీకి కుట్టు చదరంగా ఉందా, లోపల అడ్డగీతలు ఉన్నాయా? విడిపోయింది మొదలుపెట్టిన చోటా, మధ్యలోనా? దాన్ని ఎలా బిగిస్తారు? బొమ్మ గీస్తే నాకు అర్థమవుతుంది. పెట్టె మీద అంకె ఉందా?

ఊరికే అడుగుతున్నాను. కుట్టు పని కదా, తెలుసుకుందామని.

ఆ మనిషి ఎలా ఉన్నాడు? మీరు రాయలేదు.

ఈసారి కింద ఈలన్న రాత లేదేం? అత్తయ్య అడిగారు.

మీ

*

వంతెన దగ్గర,
ఆదివారం

మూగనోముకి,

నీకెందుకివన్నీ? సరే. చదరమే, అడ్డగీతలున్నాయి. మొదలుపెట్టిన మూల దగ్గరే విడిపోయింది. బొమ్మ వెనక వైపు గీశాను. పట్టీ కాలి చుట్టూ తిప్పి, ఆ మడతలోంచి పోయే సన్నటి నాడాకి కడ్డీ దూర్చి, కడ్డీని మెలి తిప్పుతాం. మూడు మెలికలు. ఆ బలమంతా నువ్వడిగిన చదరం మీదే పడుతుంది. పొడిగా ఉన్నప్పుడు ఆగుతుంది, తడిస్తే జారుతుంది. ఇక్కడ తడవనిది ఏముంది?

పెట్టె మీద ఏడు.

ఈలన్నని వేరే బండికి మార్చారు. అమ్మకి నమస్కారాలు చెప్పమన్నాడు.

నీ
దూది డాక్టరు

*

షెడ్డు, మధ్యాహ్నం గంట కొట్టక ముందు,
శనివారం

ఏమండీ,

ఎవరి చేతులు చూడాలని ఉందన్నారో, అవి ఈ ఉత్తరం రాస్తున్నాయి.

ఆ పట్టీ నేను కుట్టి ఉంటాను. నేను కాకపోతే నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు. ఏడో గదిలో అలా కుట్టడం మొదలుపెట్టింది నేను. గడ్డ ఎందుకో నాకు తెలియలేదు. మోటుపని అనుకున్నాను. అది లేకపోతే కుట్టుకి పట్టు ఉండదని, అందం కోసం నేను కత్తిరించిన కొసే దాని ప్రాణమని మీ వంతెన ఉత్తరం చదివినప్పుడే తెలిసింది.

తెలిసి కూడా ఆ రోజు చెప్పలేదు. అది కూడా రాయాలి. వేరే షెడ్డులో కుట్టినదై ఉండాలని మొక్కుకుంటూ మీకు ప్రశ్నలు పంపి కూర్చున్నాను. ఇంట్లో మంచంకోడుకి మూడు పట్టీలు కట్టి, గరిటె కాడతో మెలి తిప్పి చూశాను. ఆగాయి. ఆగాయి కదా అని మనసుకి చెప్పుకున్నాను. మీ జవాబు రావడానికి పధ్నాలుగు రోజులు పట్టింది. ఆ పధ్నాలుగు రోజులూ పట్టీలు కుట్టాను. ఇంకో ఆరు పెట్టెలు వెళ్ళిపోయాయి.

తడిస్తే అని మీరు రాసింది చదివిన రోజున బకెట్టులో నానబెట్టి చూశాను. నాలుగోది నా కళ్ళ ముందే విడిపోయింది, అరటితొక్క ఒలిచినట్టు.

నిన్న అధికారి వచ్చారు. ఇంకో తొమ్మిది పెట్టెలు గుమ్మం దగ్గర బండి కోసం సిద్ధంగా ఉన్నాయి. పొద్దున్నే మేస్త్రీగారికి చెబుదామని మూడుసార్లు ఆయన బల్ల దాకా వెళ్ళాను. మూడుసార్లూ "ఏమ్మా, దారం కావాలా?" అన్నారు. తలూపి దారపు ఉండ తెచ్చుకున్నాను. నా మిషను మీద మూడు ఉండలు పోగయ్యాయి. కళ్ళజోడక్క, "ఏమే, దారాల కొట్టు పెడతావా?" అంది.

అధికారి వచ్చాక మేస్త్రీగారు నా పట్టీ ఆయన చేతిలో పెట్టి, "మా అమ్మాయి కుట్టండి, ఒక్క కొస కనబడితే చూపించండి" అన్నారు. ఆయన తిప్పి చూసి "చాలా శుభ్రంగా ఉంది" అన్నారు. శుభ్రంగా అన్న మాట వినగానే నాకు మీ గొంగడి గుర్తొచ్చింది.

లేచాను. ఎలా లేచానో తెలియదు. ఆయన చేతిలోంచి పట్టీ తీసుకున్నాను. తాగే నీళ్ళ కూజాలో ముంచాను. కిటికీ ఇనపచువ్వకి చుట్టి, అడ్డకర్రతో మెలి తిప్పి, రెండు చేతులతో లాగాను. ఆగింది. మేస్త్రీగారు నవ్వారు. "చూశారా, ఎంత గట్టి కుట్టో చూపిస్తోంది" అన్నారు. గుమ్మం దగ్గరి పెట్టెలోంచి ఇంకోటి తీశాను. అదీ ఆగింది. అందరూ నన్నే చూస్తున్నారు. పిచ్చి పట్టిందనుకుంటున్నారని తెలుస్తోంది. మూడోది ముంచి, కాలు గోడకి తన్నిపెట్టి వెనక్కి వాలాను. చదరం మూల నుంచి మూలకి విడిపోయి నేను వెల్లకిలా పడ్డాను.

నేల మీదే కూర్చుని చెప్పాను. "ఇవి సంచులకి కాదండీ. కాళ్ళకి. రక్తం ఆపడానికి. ఇది నేను కుట్టాను, వీళ్ళకి నేనే నేర్పాను. పెట్టెలు పంపకండి."

అధికారి ఆ పట్టీ తీసుకుని, విడిపోయిన చోట వేలు పెట్టి చూసి, "ఇవి దేనికో వీళ్ళకి ఎవరూ చెప్పలేదా?" అని మేస్త్రీగారిని అడిగారు. మేస్త్రీగారు, "నాకూ ఎవరూ చెప్పలేదండి" అన్నారు. ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది.

పెట్టెలన్నీ విప్పించారు. విప్పి, మళ్ళీ గడ్డ కట్టి కుట్టాలి. వారం రోజుల పని మళ్ళీ మొదటికి వచ్చింది. ఈ ఉదయం నుంచి కళ్ళజోడక్క నాతో మాట్లాడలేదు. గదిలో ఆ గొంతు లేకపోతే మిషన్ల చప్పుడు ఎంత ఎక్కువగా ఉంటుందో ఇవాళే తెలిసింది.

వెళ్ళిపోయిన పెట్టెలు మాత్రం నా చేతిలో లేవు. మీ సంచిలోవీ, పక్కవాళ్ళ సంచుల్లోవీ తడిపి లాగి చూడండి. ఏడో అంకె ఉన్నవన్నీ. మీకు దండం పెడతాను.

ఇంకొకటి. నేను అత్తయ్యకి మీ ఉత్తరాల్లో కొన్ని చోట్లు వదిలేసి చదివేదాన్ని. వదిలేసిన చోట ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఈలన్నని వేరే బండికి మార్చారని రాసిన చోట అలాగే ఉంది. ఆ కాలు ఎవరిది?

*

వెనక శిబిరం,
గురువారం

నీకు,

నాలుగు రోజులు నీకు రాయలేదు. కోపం వచ్చింది, అబద్ధమెందుకు. నీ ఉత్తరం ఉండచుట్టి పారేసి, మళ్ళీ వెళ్ళి వెతుక్కుని తెచ్చుకున్నాను. సంచులకని రాశావు కదా, అవి నీ పట్టీలని నాకు తట్టనే లేదు.

ఆ నాలుగు రోజులూ పక్క శిబిరాలన్నీ నడిచి తిరిగాను. ఏడో పెట్టెలవి రెండు వందల పన్నెండు పట్టీలు దొరికాయి. తడిపి, చెట్టుకి కట్టి, ఒక్కొక్కటీ లాగాను. ముప్ఫై ఒకటి విడిపోయాయి. లాగుతుంటే కోపం కూడా ఒక్కొక్క కుట్టే జారిపోయింది. ఎందుకో చెప్తాను.

మాకు ఒక పద్ధతి ఉంది. సంచిలో పెట్టుకునే ముందు ప్రతి పట్టీనీ లాగి చూడాలి. మొదటి రోజే నేర్పారు. గడ్డలున్న పాతవాటిని నేను లాగి చూసేవాణ్ణి, మోటుగా ఉన్నాయి కాబట్టి. ఆ కొత్త పెట్టె విప్పినప్పుడు వాటి కుట్టు చూసి, ఇంత శ్రద్ధగా కుట్టినదాన్ని లాగి చూడ్డమేమిటి అనుకున్నాను. ఒక్కటి కూడా లాగలేదు. నువ్వు పిన్ని దెబ్బలకి భయపడి కత్తిరించావు, నేను ముచ్చటపడి నమ్మాను. నీకు ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పారు.

ఆ కాలు ఈలన్నదే.

బండి దిగి, గాయపడినవాణ్ణి ఎక్కించడానికి సాయం వచ్చాడు. అప్పుడు తగిలింది. పట్టీ కట్టి నుదుటి మీద పది ఇరవై రాస్తుంటే, "నీ గడియారం ముందు నడుస్తుంది బావా, సరిచూసి రాయి" అన్నాడు. మోస్తుంటే ఈల వేశాడు, నాకు ధైర్యం చెప్పడానికి. ఈల ఆగితే నొప్పికి ఆగిందనుకున్నాను. అప్పుడు గొంగడి ఎత్తి చూడలేదు. రెండో పట్టీ కట్టేసరికి ఆలస్యమైపోయింది. బండి ఎక్కించామని రాశాను, అది నిజమే. బండి నేను నడిపాను. ఆసుపత్రి దాకా పోనవసరం లేకపోయింది.

నీతో అబద్ధమాడాలని కాదు. అమ్మ అతని రాత కోసం చూస్తుందని రాశావు. ఆ మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

అతని భార్యకి పైవాళ్ళు కబురు పంపారు. నేను ఇంకా రాయలేదు.

అధికారి ముందు నువ్వు నేల మీద కూర్చుని మాట్లాడావన్న చోటు మళ్ళీ మళ్ళీ చదివాను. నేను అక్కడుంటే చెయ్యి పట్టి లేపేవాణ్ణి.

నీ

*

ఇల్లు,
మంగళవారం

ఏమండీ,

మీ ఉత్తరం వచ్చిన రోజు గుమ్మంలో నిలబడే చదివాను. లోపలికి రాగానే అత్తయ్య కుర్చీ చూపించి, "కూర్చో. ఇవాళ ఏదీ మింగకుండా చదువు" అన్నారు. నేను మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఈలన్న దగ్గర ఆగితే, "ఊఁ, కానీ" అన్నారు. పూర్తయ్యాక, "ఇంతకు ముందు దాచినవి కూడా తీసుకురా" అన్నారు.

పాత పుస్తకంలోంచి చీటీలన్నీ తీసి వరసగా చదివాను. పదకొండు నుదుళ్ళు, వంతెన, గొంగడి. ఆ పట్టీలు నేనే కుట్టానని, పధ్నాలుగు రోజులు నోరు మూసుకున్నానని కూడా చెప్పాను. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ, "ఆ పిల్లవాడు నాకు నమస్కారాలు పెట్టాడు, నేను ఒక్కసారి కూడా తిరిగి చెప్పించలేదు" అన్నారు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

మర్నాడు నేను షెడ్డుకి బయల్దేరుతుంటే చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నారు.

ఇప్పుడు షెడ్డులో నా పని కుట్టడం కాదు. అడిగి మార్పించుకున్నాను. కుట్టిన ప్రతి పట్టీనీ నీళ్ళలో ముంచి, చువ్వకి కట్టి, లాగి, పది అంకెలు లెక్కపెట్టి, ఆగితేనే పెట్టెలో వేస్తాను. నా బరువు చాలడం లేదు, ఒక్కొక్కదానికీ వేలాడాల్సి వస్తోంది, అరచేతులు బొబ్బలెక్కాయి. ఈ సంగతి అత్తయ్యకి ఎవరు చెప్పారో తెలియదు. నేరుగా మేస్త్రీగారి దగ్గరికి వెళ్ళి, "లాగడానికి బరువు కావాలట కదా. చూడండి, చాలదూ?" అన్నారు. గదంతా నవ్వింది. కళ్ళజోడక్క కూడా నవ్వి, అలవాటు తప్పి నాతో, "మీ అత్తగారు లాగితే పట్టీ కాదే, గోడ వస్తుంది" అంది. అని నాలిక కరుచుకుంది. మళ్ళీ మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఇప్పటిదాకా ఆపలేదు.

నేను ముంచుతాను, కడతాను. అత్తయ్య వెనక్కి ఒరిగి పది దాకా లెక్కపెడతారు. ఊడినది రోజుకి ఒకటో రెండో వస్తుంది. అది ఎవరు కుట్టారో వాళ్ళ మిషను మీద పెట్టి వస్తాను. ఏమీ అనను. వాళ్ళూ ఏమీ అనరు, విప్పి మళ్ళీ కుడతారు. పట్టీలు దేనికో ఇప్పుడు అందరికీ తెలుసు. మేస్త్రీగారు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు.

ఈలన్న భార్య చిరునామా పంపండి. మీరు రాయండి, నేనూ రాస్తాను. ఏం రాయాలో తెలియదు గానీ ఆ పట్టీ నేను కుట్టినదని మాత్రం రాస్తాను. ఆవిడ నన్ను ఏమన్నా వదలకుండా చదువుకుంటాను.

ఇందులో ఒక పట్టీ పెట్టాను. నేనే కుట్టాను. మొదట్లో నాలుగు కుట్లు, చివర్లో నాలుగు, ముందుకీ వెనక్కీ. గడ్డ కట్టింది, దారాలు బయటికి ఉన్నాయి, కత్తిరించలేదు. చూడ్డానికి ఏమీ బాగుండదు.

మీ
మూగనోము

(కింద, ఈలన్న రాసే చోట అత్తయ్య చెప్పింది రాస్తున్నాను)
ఒరేయ్ అబ్బాయ్, ఇది నేను లాగాను. ఊడలేదు. అలాగని నా మాట నమ్మి సంచిలో పెట్టుకోకు. నువ్వూ లాగి చూసుకో. — అమ్మ